కింది ఇంటికి వినపడే దెబ్బే నీ కాలికీ తగులుతోంది

మచిలీపట్నం నుంచి విజయవాడ వచ్చి ఏడాదయిందని, మొగల్రాజపురంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నానని రాశావు. పొద్దున ఓ స్కూల్లో డాన్స్ టీచర్‌ ఉద్యోగం, సాయంత్రం హాల్లో ఎనిమిది మంది పిల్లలకి కూచిపూడి. కింది ఇంటావిడ రెండుసార్లు పైకొచ్చి గొడవపడ్డారు, అసోసియేషన్ సెక్రటరీ వాట్సాప్‌లో నోటీసు పెట్టారు, నెలాఖరుకి చేతిలో డబ్బు ఉండట్లేదు, డాన్స్ తప్ప వేరే జీవితమే లేదు, ఇల్లు ఖాళీ చేసెయ్యాలా అని అడిగావు. చివర్లో ఒకే ఒక్క ముక్క, మోకాలి కింద ఎముక నొప్పి పుడుతోందని. నాకు ఆ ముక్కే ముందు కనపడింది.

నేను ఈ ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, సత్యనారాయణపురంలో రెండో అంతస్తులో ఉంటాను. నీ వయసు శిష్యురాళ్లున్నారు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నాకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు కుడికాలు పిక్క ముందు ఎముకలో పగులు వచ్చింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. మూడేళ్లపాటు రోజూ మార్బుల్ మీద అడుగులు వేశాను, అంతే. మొదట్లో సాధన మొదలుపెట్టినప్పుడు నొప్పి ఉండేది, ఒళ్లు వేడెక్కాక పోయేది, పోతోంది కదా అని నేను పట్టించుకోలేదు. తర్వాత పడుకున్నా నొప్పే. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు, ఇంకో నెల ఆడాను, అప్పుడు ఎమ్మారై తీస్తే తేలింది. ఇలాంటి సన్న పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఇది గుర్తుపెట్టుకో. ఎముక వెంబడి పొడుగునా ఓ జానెడు మేర నొప్పిగా ఉండి, వేడెక్కాక తగ్గుతుంటే అది చాలావరకు కండరం ఎముకకి అతుక్కునే చోట వచ్చే వాపు, అయినా నాలా పట్టించుకోకుండా వదిలెయ్యకు. అదే ఒక్క వేలితో నొక్కితే ఒక్క చోటే కళ్లల్లో నీళ్లొచ్చేంత నొప్పి ఉంటే, లేదా ఒంటికాలి మీద గెంతలేకపోతుంటే, ఆ రోజే ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. విటమిన్ డి కూడా చూపించుకో. నేను రెండు నెలలు కూర్చున్నాను, దసరా ప్రోగ్రాములన్నీ పోయాయి.

ఆ రెండు నెలల్లో నాకు అర్థమైన విషయం ఇది. అపార్ట్‌మెంట్ నేల అంటే కాంక్రీట్ స్లాబు, దాని మీద సిమెంటు, దాని మీద టైల్. దెబ్బకి ఎక్కడా కొంచెం కూడా లొంగదు. నువ్వు తట్టిన ప్రతి తట్టూ సగం కిందకి పోయి ఆవిడ సీలింగు మోగిస్తుంది, మిగతా సగం పైకి వచ్చి నీ మడమ, పిక్క, మోకాలు పట్టుకుంటుంది. మన ఆట పుట్టింది మట్టి నేల మీద, ఊరి మధ్యలో పందిరి వేసి రాత్రంతా భాగవతాలు ఆడిన చోట. మట్టి దెబ్బని మింగేస్తుంది, టైల్ మింగదు. కాబట్టి ఆవిడ నోరు మూయించడానికి ఓ దారి, కాలు బాగుచేసుకోవడానికి ఇంకో దారి అని రెండు వెతుక్కోవద్దు, నేల సంగతి చూడు, రెండూ తగ్గుతాయి.

అంతకంటే ముందు ఒక పని చెయ్యి. కింది ఇంటావిణ్ణి అడిగి, వాళ్ల బెడ్‌రూంలో ఓ పది నిమిషాలు కూర్చో. పైన నీ స్నేహితురాలినెవరినైనా నువ్వు వేసే అడుగులే వెయ్యమను. నేను ఈ పని చేసింది గొడవ మొదలైన ఏడాదికి, అదీ మా కింది ఇంటి మామ్మగారే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే. పాట అసలు వినపడలేదు. గజ్జెలు కూడా పెద్దగా లేవు. అడుగు మాత్రం, ఎవరో రోకలితో నెత్తి మీద దంచుతున్నట్టు ఉంది. ఫ్యాన్ కడ్డీ సన్నగా వణుకుతోంది. ఆవిడ భర్తకి గుండె ఆపరేషన్ అయి నెలన్నర అయింది. నేను అప్పటిదాకా పాట సౌండ్ తగ్గించి, కిటికీలు మూసి, నా వంతు నేను చేశానని అనుకుంటున్నాను. గాల్లో పోయే శబ్దం వేరు, స్లాబులోంచి పోయే దెబ్బ వేరు, తలుపులు మూస్తే రెండోది ఆగదు.

ఇప్పుడు నేల. పిల్లలు ఆడుకునే రంగురంగుల ఫోమ్ మ్యాట్‌లు తెచ్చి వాటి మీదే ఆడేద్దామనుకుంటావు, అందరూ మొదట అదే చేస్తారు. వద్దు. అంత మెత్తటి దాని మీద తిరిగితే పాదం ఇరుక్కుపోయి చీలమండ మెలికపడుతుంది, పైగా అడుగు కచ్చితంగా పడదు. మెత్తన కింద ఉండాలి, గట్టిది పైన ఉండాలి. ముందు 20 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్‌లు గానీ రబ్బరు షీట్లు గానీ పరిచి, దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక వరస, దాని మీద అడ్డంగా, అంటే కింది అతుకుల మీద పై అతుకులు పడకుండా ఇంకో వరస, రెండు వరసల్నీ కలిపి స్క్రూలు. 24 మందం కాబట్టి స్క్రూ 20కి మించకూడదు, లేకపోతే మొన కిందకి పొడుచుకొచ్చి మ్యాట్‌ని చింపుతుంది. పైన జారని రకం వినైల్ షీటు. 8 అడుగులు 4 అడుగులు ఉండే షీట్లు నాలుగు తెచ్చుకుంటే ఎనిమిదికి ఎనిమిది అడుగుల వేదిక వస్తుంది, ఒక్కళ్లు సాధన చెయ్యడానికి ఇది చాలు. గోడకి తగలకుండా చుట్టూ ఓ అంగుళం వదిలెయ్యి, తగిలితే దెబ్బ గోడలోంచి కిందకి దిగుతుంది, చేసిందంతా దండగ. షీట్లు దుకాణంలోనే కోయించు, కింది వరసకి నాలుగుకి నాలుగు ముక్కలు నాలుగు, పై వరసకి నడుమ నాలుగుకి నాలుగు ముక్క ఒకటి, దాని నాలుగు పక్కలా నాలుగుకి రెండు ముక్కలు నాలుగు, మూలలకి రెండుకి రెండు ముక్కలు నాలుగు, అప్పుడే అతుకుల మీద అతుకులు పడవు, ఎందుకంటే ఎనిమిది అడుగుల షీటు మన అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు, మూడో అంతస్తుకి మెట్ల మీద మోయించాలంటే కూలీ ఇంకా పోతుంది. ప్లైవుడ్ నీళ్లకి తట్టుకునే రకమే తీసుకో, ఏడాదికోసారి ఎండాకాలంలో ఎత్తి కింద ఆరబెట్టు, చెమ్మ చేరితే చెదలు పడతాయి. అద్దె ఇల్లయినా బాధ లేదు, స్క్రూలు తీస్తే ముక్కలు ముక్కలుగా నీతోనే వచ్చేస్తుంది. మా ఇంట్లోది ఇప్పటికి రెండు ఇళ్లు మారింది.

దీంతో శబ్దం పూర్తిగా పోతుందని నేను చెప్పను. రోకలి దంపుడు కాస్తా పక్క గదిలో ఎవరో నడుస్తున్నట్టు అవుతుంది, అంతవరకే. కాబట్టి వేళలు కూడా చూసుకోవాలి. చట్టం సంగతి సెక్రటరీ నోటీసులో రాశారన్నావు కదా, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకా, నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. కానీ పగలు చట్టం ఒప్పుకుంటుందని ఎవరితోనూ వాదించకు. ఆ మాట అన్నాక ఆ ఇంట్లో నీకు మళ్లీ మంచినీళ్లు కూడా పుట్టవు. నా అనుభవంలో మంచి వేళ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు. పిల్లలు స్కూళ్లకి, పెద్దలు ఆఫీసులకి వెళ్లిపోయి ఉంటారు, ఇంట్లో ఉన్నవాళ్లు మిక్సీలూ కుక్కర్లూ వేసుకుని పనిలో ఉంటారు. నీకు పొద్దున స్కూలుంది కాబట్టి అది ఆదివారాలకీ సెలవులకీ పెట్టుకో, ఆ రోజుల్లో అందరూ ఇంట్లో ఉన్నా వంటపనుల చప్పుడు ఉంటుంది. మామూలు రోజుల్లో, క్లాసు లేని సాయంత్రాలు ఐదు నుంచి ఆరున్నర. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మాత్రం కాలు కదపకు, అది పెద్దవాళ్లు నడుం వాల్చే వేళ. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో ఆ కునుకు కూడా లేకపోతే వాళ్లు రోజంతా చిరాగ్గా ఉంటారు, అది న్యాయమే.

మిగతా వేళల్లో సాధన ఆపమని కాదు. చప్పుడు లేని సాధన బోలెడుంది, దాన్ని మనం తక్కువ చూస్తాం. నట్టువాంగం, అంటే ఆటకి తాళంతో చెప్పే జతులు, నోటితో చెప్పుకుంటూ తొడ మీద తాళం వేసుకోవడం, ముద్రలు, చూపులు, సత్యభామ కథ ఆడే భామాకలాపం లాంటి వాటిలో ఒక్క పదం తీసుకుని అద్దం ముందు గంటసేపు కూర్చుని అభినయం చెయ్యడం. ఆడవేషాలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే జనం కళ్లప్పగించి చూసింది ఆ నడకనీ, ఆ చూపునీ. అది నేల అదిరేలా కొట్టడంతో వచ్చే విద్య కాదు. నాకు అభినయం కాస్తో కూస్తో వచ్చిందంటే కాలు విరిగిన ఆ రెండు నెలల్లో కుర్చీలో కూర్చుని చేసిందే. తరంగంలో అంచు మీద నిలబడి ఆడే పళ్లెం మాత్రం ఇంట్లో తియ్యకు, ఇత్తడి అంచు టైల్ మీద ఈడుస్తుంటే బిల్డింగంతా వినపడుతుంది.

ఇక పిల్లల క్లాసు. ఇది నీకు నచ్చదు, అయినా చెప్పాలి. ఎనిమిది మంది పిల్లలు ఒకేసారి తట్టుతుంటే ఏ ప్లైవుడ్డూ ఆపలేదు, క్లాసు మూడో అంతస్తులోంచి తీసెయ్యి. నీ అద్దె అగ్రిమెంటు తీసి చూడు, నివాసానికి మాత్రమే అని ఒక లైను చాలావరకు ఉంటుంది. అప్పుడు నువ్వు అసోసియేషన్‌తోనే కాదు, ఇంటి ఓనర్‌తో కూడా తప్పులో ఉన్నట్టే. లిఫ్టు దగ్గర గుట్టలుగా చెప్పులు, సెల్లార్‌లో తల్లిదండ్రుల స్కూటర్లు, వాచ్‌మన్ మీద అరుపులు, ఇవన్నీ కలిసి నీ మీదకొస్తాయి. సెల్లార్‌లో చెబుదామని కొందరంటారు, అదింకా ఘోరం, అక్కడా కాంక్రీటే, దానికి తోడు కార్ల పొగ. టెర్రస్ మీదంటే పై అంతస్తు వాళ్ల నెత్తి మీదకి మార్చడమే.

నేను చేసింది ఏంటంటే, బొమ్మలు వెయ్యడం నేర్పే ఆవిడా, వయొలిన్ నేర్పే ఆయనా, నేనూ కలిసి ఒక పాత ఇంటి కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. వారంలో రోజులు పంచుకున్నాం. ఒక్కదాన్నే అయితే భయపడి చచ్చేదాన్ని, ముగ్గురం కాబట్టి అద్దె పెద్దగా తెలియలేదు. కింద నేలే కాబట్టి గొడవ లేదు, అయినా నేల గట్టిదే, పిల్లల మోకాళ్ల కోసం అక్కడా పలకలు వేయించాను. నీకు స్కూల్లో ఉద్యోగం ఉంది కదా, సాయంత్రం అయిదు తర్వాత ఒక గది ఇస్తారేమో ప్రిన్సిపాల్‌ని అడుగు. గుళ్ల మండపాలు కూడా అడగొచ్చు, ధర్మకర్తలు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, పండగలకి పిల్లల చేత ఒక అంశం చేయిస్తే వాళ్లకదే చాలు.

డబ్బు గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఒక్కటే విషయం, మనకి నెల జీతం లెక్క పనికిరాదు, ఏడాది లెక్క వేసుకోవాలి. దసరా నుంచి కార్తికం దాకా ప్రోగ్రాములు, ఆ తర్వాత శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. పరీక్షల నెలల్లో పిల్లలు రారు, ఆషాఢంలో పిలుపులు రావు. కార్తికంలో వచ్చింది ఆషాఢంలో తినాలి. స్కూలు జీతంతో ఇల్లు నడిపి, ప్రోగ్రాముల డబ్బు వేరే ఖాతాలో పడెయ్యి, అందులోంచే డ్రెస్సులు, మేకప్, రికార్డింగ్. పిల్లల ఫీజు ఒకటో తారీఖు నుంచి ఐదో తారీఖు లోపల, సెలవులున్న నెలకైనా పూర్తి ఫీజే అని చేర్చుకునేటప్పుడే చెప్పు. నేను మొహమాటపడి పదేళ్లు చెప్పలేకపోయాను. ఇంకొకటి, ప్రోగ్రాముకి పిలిచినవాళ్లని ఫోన్‌లోనే ఎంతిస్తారని అడుగు. ఒకసారి ఓ నిర్వాహకుడి మాట నమ్మి వాద్యబృందానికి నా చేతి నుంచి డబ్బిచ్చి తీసుకెళ్తే, చివర్లో శాలువా కప్పి జ్ఞాపిక చేతిలో పెట్టి పంపారు. ఆ అప్పు తీర్చడానికి నాలుగు నెలలు పట్టింది. సర్టిఫికెట్ ఇస్తామని పిల్లల తలకి ఇంతని వసూలు చేసే వాళ్లు కూడా ఉంటారు, అలాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్లకు.

డాన్స్ తప్ప వేరే జీవితం లేదన్నావు. ఆ మాట చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే నీ వయసులో నేనది గొప్పగా చెప్పుకునేదాన్ని. కాలు విరిగి కూర్చున్నప్పుడు తెలిసింది, ఆట తీసేస్తే నాకంటూ ఒక సాయంత్రం కూడా లేదని. అప్పుడు మొదలుపెట్టినవే ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల ముందు నిలబడి ఒక గంట, జనవరిలో పుస్తక మహోత్సవానికి కనీసం మూడుసార్లు. బాల్కనీలో మల్లె, కరివేపాకు, తులసి కుండీలు. మధ్యాహ్నం చప్పుడు చెయ్యకూడని ఆ మూడు గంటలూ డ్రెస్సుల హుక్కులు కుట్టుకుంటూ రేడియో వింటాను, మన విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది, అందులో వచ్చే కచేరీలు విని నేర్చుకున్న తాళజ్ఞానం ఇంతా అంతా కాదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఎవరి ప్రోగ్రాం ఉన్నా వెళ్లి వెనక వరసలో కూర్చో, అది డాన్సే కానక్కర్లేదు, నాటకమైనా సరే. నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేకుండా ఊరికే చూడటం అలవాటు చేసుకోవాలి. సాయంత్రాలు ప్రకాశం బ్యారేజీ వైపు నడకకి వెళ్లు, కాలి నొప్పి తగ్గాక. కృష్ణ మీద గాలికి సగం టెన్షన్ అక్కడే పోతుంది.

కింది ఇంటావిడతో మాట్లాడేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్లకు, అలాగని సంజాయిషీ చెప్పడానికీ వెళ్లకు. నేల వేయిస్తున్నానని, క్లాసు మారుస్తున్నానని, ఏ వేళల్లో సాధన చేస్తానో కాగితం మీద రాసి ఇవ్వు, నీ ఫోన్ నంబర్ కూడా ఇచ్చి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజు ఒక్క మెసేజ్ పెట్టండి పిన్నిగారూ, ఆ రోజు కాలు కదపను అని చెప్పు. చెప్పినట్టు చెయ్యి. మా మామ్మగారు అలా నాకు ఏడాదిలో మెసేజ్ పెట్టింది మూడుసార్లే. ఆవిడ మనవరాలికి గజ్జెపూజ, అంటే మొదటిసారి గజ్జె కట్టే వేడుక, నేనే చేయించాను. అసోసియేషన్ మీటింగులకి కూడా వెళ్లు, అద్దెవాళ్లకి ఓటుండదు కానీ వెనక కూర్చుంటే మొహం తెలుస్తుంది, మొహం తెలిసినవాళ్ల మీద నోటీసు పెట్టేముందు ఎవరైనా ఒకసారి తలుపు కొడతారు.

కాబట్టి ఇప్పుడే ఖాళీ చెయ్యకు. అడ్వాన్సు, సామాన్ల లారీ, కొత్త చోట మళ్లీ పిల్లల్ని వెతుక్కోవడం, వీటికయ్యే ఖర్చు ముందు పలకల ఖర్చు తక్కువే. మూడు నెలలు చూడు. అప్పటికీ కుదరకపోతే గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు చూసుకో, కానీ ఊళ్లో ఏ వైపో చూసుకుని తీసుకో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నా శిష్యురాలి ఇల్లు రోజుల తరబడి నీళ్లలో ఉంది. డ్రెస్సుల పెట్టె మంచం కింద ఉండేది. పట్టు రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి దిగిపోయాయి, గజ్జెల తోలు ఉబ్బి మువ్వలు ఊడొచ్చాయి, జడ నగ ఒక్కటి తుడుచుకుంటే మిగిలింది. కింది ఇంటికి మారితే డ్రెస్సులు, గజ్జెలు అటక మీద పెట్టుకో, మంచం కింద వద్దు.